గూడబాతులకు గేటు

మా రోజుల్లో నేలపట్టు చెరువుకు గేటు లేదు. టికెట్టు లేదు, పార్కింగు లేదు, ‘నిశ్శబ్దం పాటించండి’ అని పచ్చరంగు బోర్డు అసలే లేదు. ఇప్పుడు అన్నీ ఉన్నాయి. ఆ బోర్డుకు వీపు ఆనించి నిలబడి ఒకాయన ఫోనులో సినిమా పాట పెట్టి పెళ్ళాం బిడ్డల చేత గంతులు వేయిస్తుంటాడు. రీలంట. బోర్డు లేని కాలంలో మేము నోరు మూసుకునే కట్ట మీద నడిచేవాళ్ళం. భక్తి కాదు, భయం. అరిస్తే పక్షి గూట్లోంచి లేస్తుంది. అది లేచిందే చాలు, కాకి వచ్చి గుడ్డు పొడుచుకుపోతుంది. ఆ సంగతి పెద్దవాళ్ళ చెవిన పడితే మా వీపులు విమానం మోత మోగేవి.

మాది దొరవారి సత్రానికి దాపున ఒక పల్లె. పుట్టింది నెల్లూరు జిల్లాలో. 2022లో మమ్మల్ని తిరుపతి జిల్లా అన్నారు, అననీ. గూడబాతుకు ఏ జిల్లా అయినా ఒకటే. అర్జీ పట్టుకుని తిరిగే నాలాంటివాడికే బస్సు మారింది. మా మేనమామ వాళ్ళది నేలపట్టు పక్కనే కాబట్టి నా చిన్నతనం సగం ఆ కట్ట మీదే గడిచింది. అందుకని కాస్త అధికారంగానే గొణుగుతాను, ఓపిక ఉన్నవాళ్ళు వినండి.

పక్షుల మీద ప్రేమతో పూర్వం పల్లెవాళ్ళు వాటిని కంటికి రెప్పలా చూసుకున్నారని ఈమధ్య సభల్లో చెబుతుంటారు. నాకు నవ్వొస్తుంది. ప్రేమా లేదు, దోమా లేదు. లెక్క. వేల పక్షులు నెలల తరబడి చెరువులోని కడప చెట్ల మీద కాపురం పెడితే వాటి రెట్ట ఎక్కడికి పోతుంది? నీళ్ళలోకే. ఆ నీళ్ళు పచ్చగా చిక్కబడతాయి. తూము తీసి పొలానికి పారిస్తే వేరే ఎరువుతో పనిలేదు. యూరియా బస్తా మొహం చూడని రోజులవి. పక్షి దండిగా వాలిన ఏడు గాదె నిండుతుందని, వాలని ఏడు అప్పు తప్పదని మా మేనమామ అనేవాడు. అప్పుల వాడు గనక ఆయన మాట నేను నమ్మాను. అలాంటప్పుడు గూడు కట్టిన కొమ్మ ఎవడు కొడతాడు? కొట్టినవాణ్ణి రచ్చబండ దగ్గర నిలబెట్టడానికి ఏ చట్టమూ అక్కర్లేదు, పక్క పొలం వాడు చాలు.

ఇది మా ఒక్కళ్ళ తెలివి అనుకోకండి. దక్షిణాన చెంగల్పట్టు సీమలో వేడంతాంగల్ అని ఒక ఊరుంది. అక్కడి రైతులు 18వ శతాబ్దం చివర్లోనే కలెక్టరు దగ్గరికి పోయి, మా చెరువులో పక్షిని ఎవరూ కాల్చకూడదని కౌలు రాయించుకున్నారు. దొరలు సరదాకు కాలుస్తుంటే వీళ్ళ చేలకు ఎరువు పోతోంది మరి. కుంపిణీ వాళ్ళ దగ్గర పక్షి కోసం కాగితం రాయించుకున్న రైతులు! ఇవాళ మనకు ఒక కాలువ పూడిక తీయించే కాగితం పుట్టదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

దీపావళికి ముందు వెనకగా ఈశాన్య వాన పట్టుకునేది. చెరువు నిండి కలుజు పారడం మొదలయ్యే రోజుల్లో ఆకాశంలో ఎక్కడో పైన బూడిదరంగు గీతలాగా కనపడేవి గూడబాతులు. రెక్క ఎక్కువ కొట్టవు, గాలి మీద తేలుతూ చుట్లు చుట్లుగా దిగుతాయి. అంత బరువు పక్షి అంత సన్న కొమ్మ మీద ఎట్లా నిలుస్తుందో అని పిల్లలం పందేలు వేసుకునేవాళ్ళం. కడప చెట్టు మొండిది. మొదలంతా నీళ్ళలో మునిగినా నెలల తరబడి చావదు. దాని తలల మీద పుల్లలు పేర్చి పక్కపక్కనే గూళ్ళు, ఒక గూట్లో పక్షి మెడ చాస్తే ఇంకో గూటికి తగిలేంత దగ్గరగా. నెల దాకా పొదుగుతాయి. గుడ్డు చిట్లి వచ్చిన పిల్లకు ఈక ఉండదు, చూడటానికి వికారంగా ఉంటుంది. అది కాస్త ఎదిగాక తిండి కోసం తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేస్తుంది. మొదటిసారి చూసినవాడు తల్లే పిల్లను మింగుతోందని కేక పెడతాడు. పెద్ద పక్షులు దాదాపు మూగవి. గోలంతా పిల్లలది, ఆ గోల కట్ట మీదికి వినపడుతుంది. వాసన సంగతి చెప్పను. ఫొటోలో వాసన రాదు, అందుకే జనానికి గూడబాతు అంత అందంగా కనపడుతుంది.

గూడబాతులు ఒక్కటే కాదు. నత్తగుల్ల కొంగలు వస్తాయి. వాటి ముక్కు పూర్తిగా మూసుకోదు, మధ్యలో సందు ఉంటుంది, నత్తను పట్టడానికి దేవుడు చేసిన పనిముట్టు అది. తెల్ల కంకణాయిలు, తెడ్డుమూతి కొంగలు, నీటికాకులు. ఎర్రకాళ్ళ కొంగ నీళ్ళలో మూతి సగం తెరిచి పెట్టి అటూ ఇటూ తిప్పుతూ నడుస్తుంది. చేప తగిలిన క్షణంలో టక్కున మూస్తుంది. కంటితో చూసి పట్టడం కాదు, తాకిడితో పట్టడం. సాయంత్రం ఇవన్నీ చెట్టుకు చేరే వేళకు చీకటి కొంగలు డ్యూటీకి బయలుదేరతాయి. రెండు షిఫ్టుల ఫ్యాక్టరీ మా చెరువు.

ఆ పక్షుల్ని మా ఆడవాళ్ళు పురిటికి వచ్చిన ఆడబిడ్డలనేవాళ్ళు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అదే మాట అంటారట. వానకు ముందో వెనకో వచ్చి, పిల్లల్ని కని, పెంచి, మార్చి ఏప్రిల్ నాటికి పిల్లలతో సహా వెళ్ళిపోతాయి గనక ఆ పోలిక నప్పింది. ఇప్పుడు నా గొణుగుడంతా ఆ పోలికలోనే ఉంది. మనవాళ్ళు పురిటి గదికి గోడ కట్టారు, తలుపు పెట్టారు, కాపలా పెట్టారు. వంటిల్లు మాత్రం పడగొట్టారు.

ఆ మాటకు ముందు న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. పాతకాలం అంతా బంగారం అని నేను అనను. పులికాట్ సరస్సు అంచున, అదే పాతవాళ్ళ ప్రళయ కావేరి అంచున, చలికాలం వచ్చిందంటే పరజ బాతుల వేట జోరుగా సాగేది. వల పన్ని పట్టిన పరజలను కాళ్ళు కట్టి సంతకు తెచ్చేవాళ్ళు. పట్నం నుంచి షోకు తుపాకుల వాళ్ళు జీపుల్లో దిగేవాళ్ళు. గూడబాతును ముట్టని మా పెద్దలే పరజ కూర అంటే లొట్టలు వేసేవాళ్ళు. మా ధర్మమంతా మా చెరువు కట్ట దాకానే, ఎరువు ఇచ్చే పక్షి దాకానే. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక, 1976లో నేలపట్టునూ పులికాట్‌నూ పక్షుల రక్షిత కేంద్రాలుగా ప్రకటించాక ఆ తుపాకులు తగ్గాయి. అది మంచిదే. నేలపట్టులో 458 హెక్టార్ల పైచిలుకు నేల, చెరువు కొంత, చిట్టడవి కొంత, ఎవరూ ప్లాట్లు వేయకుండా మిగిలిందంటే ఆ కాగితం చలవే. లేకపోతే హైవే పక్కన, మద్రాసుకు అంత దగ్గరలో, ఆ నేల ఈపాటికి ఏ ‘గ్రీన్ వ్యాలీ’ అయి ఉండేదో.

కాగితం లేకపోతే ఏమవుతుందో కొల్లేరును చూస్తే తెలుస్తుంది. 1946లో నీలకంఠన్ అనే పక్షుల పండితుడు, ఆ తర్వాత ఇందుచూడన్ పేరుతో మలయాళంలో పక్షుల పుస్తకాలు రాసినాయన, పశ్చిమ గోదావరిలో ఆరేడు దగ్గర గూడబాతుల పెద్ద కొలువును చూసి వెలుగులోకి తెచ్చాడు. ఊళ్ళ మధ్యనే, జనం మధ్యనే ఉండేవి అవి. 70లు వచ్చేసరికి ఆ కొలువు చెదిరిపోయింది. ఇప్పుడు కొల్లేటిలో ఆటపాక దగ్గర గూడబాతులు ఉన్నాయి, సంతోషమే, కానీ అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు పెట్టుకున్నాయి. చెట్టు లేని చోట స్టాండైనా దిక్కని మా మనవడు వాదిస్తాడు. వాదనలో తప్పు లేదు. అయినా ఇనుప చట్రం మీద పుల్లలు పేర్చుకుంటున్న పక్షిని చూస్తే నాకు మండుతుంది. పక్షి మీద కాదు.

సరే, వంటింటి సంగతి.

గూడబాతు గూడు పెట్టుకునేది నేలపట్టులో. తినేది అక్కడ కాదు. అన్ని వేల నోళ్ళకు ఆ ఒక్క చెరువులో చేప ఎక్కడిది? పొద్దున లేచి పులికాట్‌కు పోతుంది, ఇరవై కిలోమీటర్లు దానికి ఒక లెక్క కాదు. చుట్టుపక్కల ప్రతి ఊరి చెరువుకూ, గుంటకూ, కాలువకూ పోతుంది. నత్తగుల్ల కొంగ వరి మళ్ళలోకి పోతుంది. అవన్నీ గేటు బయట ఉన్నాయి. గేటు లోపల మనం నిశ్శబ్దం పాటిస్తాం, గేటు బయట పక్షి కూటి కుండ తన్నేస్తాం.

మా నాయన కాలంలో మా మళ్ళలో మొలగొలుకులు. ఆరు నెలల పంట. ఆరు నెలలు మడిలో తడి ఉండేది, నత్త ఉండేది, పరిగె ఉండేది, కప్ప ఉండేది. నాట్లు వేసిన ఆడవాళ్ళ వెనకే కొంగలు వరుసగా నడిచేవి, కూలి ఇవ్వాల్సిన అవసరం లేని మేస్త్రీలు అనేవాడు మా నాయన. తర్వాత ఐఆర్ 8 వచ్చింది, పొట్టి పైరు, తక్కువ రోజులు, ఎక్కువ ఎరువు, దాని వెనకే పురుగు, పురుగు వెనకే ఎండ్రిన్ డబ్బా. ఆ డబ్బా ఎంత పేరు మోసిందంటే మా వైపు ప్రాణం తీసుకోవాలనుకున్న మనిషి నోట కూడా దాని పేరే. మనిషిని చంపేది నత్తను వదులుతుందా? మడిలో నత్త పోయింది. కొంగ వచ్చి నిలబడి, ఏమీ లేక, ఎగిరిపోవడం కళ్ళారా చూశాను. పొట్ట నిండింది మా అందరికీ, కాదనను. నేనూ ఆ బియ్యమే తిని పెరిగాను, ఇప్పటికీ నెల్లూరు మసూరే తింటున్నాను. ఆకలి తీర్చినదాన్ని తిట్టను. కానీ ఆ లెక్కలో కొంగ భాగం ఎవరూ రాయలేదు.

తొంభైలలో రొయ్య వచ్చింది. ఆ పిచ్చి చూడాలి మీరు. నిన్నటిదాకా వడ్ల బస్తా మీద కూర్చుని బీడీ తాగినవాడు మర్నాడు మోటారు సైకిలు, ఎల్లుండి కారు. పులికాట్ చుట్టూ, సముద్రపు కాలువల చుట్టూ కట్టలు లేచాయి. తర్వాత తెల్లమచ్చ జబ్బు వచ్చి కారు పోయింది, మోటారు సైకిలు పోయింది, ఉప్పు తాగిన నేల మిగిలింది. పోయింది గదా అని ఊరుకున్నారా? మళ్ళీ వేశారు. ఈ గొడవ మీద తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు పోయాడు. వినోబా మనిషి, ముసలాయన, నాకన్నా మొండివాడు. 1996 డిసెంబరు 11న తీర్పు వచ్చింది. చిలికా, పులికాట్ సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల చెరువులు పెట్టడానికి లేదని అందులో రాశారు, పక్షుల కేంద్రంగా మా నేలపట్టు పేరు కూడా ఉంది. అంత పెద్ద కోర్టు కాగితంలో ఆ పేరు పడిందని తెలిసినప్పుడు నేను రెండు రోజులు ఊరంతా చెప్పుకు తిరిగాను. ఒకడు అడిగాడు, “ఆ వెయ్యి మీటర్లు ఎవురు కొలస్తార్ సామీ?” అని. నా దగ్గర జవాబు లేదు. వాడి దగ్గర రెండెకరాల రొయ్యల గుంట ఉంది.

ఇక పులికాట్. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పెద్దదే గానీ లోతు లేదు, చాలా చోట్ల మనిషి నడుముకు రాదు. ఫ్లెమింగోకు కావలసింది అదే. పొడుగు కాళ్ళతో నిలబడి, తల కిందులుగా పెట్టి, బురద నీళ్ళు వడగట్టి నాచూ చిన్న పురుగులూ తింటుంది, ఆ తిండిలోని రంగే దాని రెక్కకు ఎక్కుతుంది. నీళ్ళు మరీ ఎక్కువైనా దానికి కుదరదు, ఎండినా కుదరదు. ఆ కొలత నిలబెట్టేది రెండే. పైనుంచి కాళంగి, స్వర్ణముఖి, ఆరణి లాంటి ఏళ్ళు తెచ్చే మంచినీళ్ళు, కింద నుంచి సముద్రం పోటు. ఏళ్ళలో నీళ్ళకు ఎగువన ఎన్ని నోళ్ళో మీకు తెలుసు. సముద్రం వైపు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతున్నాయి. దక్షిణాన ఉన్న పళవేర్కాడు ముఖద్వారం తమిళనాడు వైపుది. మా వైపు రాయదొరువు, కొండూరుపాలెం. వీటి పూడిక తీస్తామని ఎన్నికలకు ఒకసారి అంటారు. ఆ మాట విన్న యువకులు తాతలయ్యారు. పోటు రాకపోతే చేప రాదు, రొయ్య పిల్ల రాదు. చేప లేకపోతే వల వేసే పట్టపోళ్ళ ఇంట్లో పొయ్యి వెలగదు, గూడబాతు సంచీ నిండదు. అందుకే నేను అంటాను, ఆ ముఖద్వారం దగ్గర ఒక డ్రెడ్జరు చేసే పక్షి సేవ నాలుగు వందల బోర్డులు చేయవని.

పూర్వం సరస్సులో ఎవరు ఎప్పుడు ఎక్కడ వల వేయాలో వంతులు ఉండేవి. దక్షిణం వైపు దాన్ని పాడు అంటారు. వంతు లేనివాడు వల వేస్తే ఊరే తప్పు వేసేది. నూలు వల, పెద్ద కన్ను, చిన్న చేప జారిపోయేది, పక్షికి మిగిలేది. ఇప్పుడు నైలాను వల, దోమతెరకన్నా సన్న కన్ను, పోయిన ఏటి వల చిక్కుపడి వదిలేస్తే అందులోనే పక్షి కాలు. ఆ వల వేసేవాణ్ణి తిట్టి లాభం లేదు. పెద్ద చేప దొరకనివాడు చిన్న చేపకు వల వేస్తాడు.

రోడ్డు గురించి చెబితే మా ఊళ్ళో సగం మంది నా మీదికి వస్తారు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు. 1971లో అక్కడి నుంచి మొదటి రాకెట్టు ఎగిరినప్పుడు మేము మేడలెక్కి చూశాం, దేశం గర్వపడింది, నేనూ పడ్డాను. ఆ కట్ట వల్ల నీళ్ళ రాకపోకలకు అడ్డం పడింది, తూములు పెట్టారు గానీ సరస్సుకు తూము చాలదు. అయితే ఇక్కడే నా గొణుగుడు అడ్డం తిరుగుతుంది. శ్రీహరికోట దీవిలో కంచె వేసి, కాపలా పెట్టి, మామూలు మనిషిని రానివ్వకపోవడం వల్లనే అక్కడి అడవి మిగిలింది. చుట్టుపక్కల తీరమంతా సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు అయిపోయినా ఆ దీవి పచ్చగా ఉంది. పక్షిని కాపాడాలని ఎవరూ వేయని కంచె పక్షిని కాపాడింది. పక్షి కోసం వేసిన కంచె సగమే కాపాడింది. దీన్ని ఏమనాలో నాకు తెలియదు. ఆ దీవిలోంచి బయటికి పంపిన యానాదులను అడిగితే వాళ్ళకు ఇంకో లెక్క ఉంటుంది, అదీ నిజమే.

పండగ గురించి చెప్పకపోతే నన్ను గొణుగుడు సంఘంలోంచి తీసేస్తారు. 2001 నుంచి సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తున్నారు. మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ చేశారు. ఉద్దేశం మంచిదే. బస్సులు పెట్టి బడి పిల్లల్ని తెచ్చి చూపించడం చాలా మంచిది. ఆ పిల్లల్లో కొందరికి తమ ఊరి పక్కనే ఇంత ఉందని తెలిసేది ఆ రోజే. నా గొడవ స్పీకర్లతో. ఊరి నిండా గులాబీ రంగు ఫ్లెక్సీలు, స్టేజీ మీద సినిమా పాట, అర్ధరాత్రి దాకా చప్పుడు. అక్కడి చెంగాళమ్మ తల్లి గుడికి తలుపులు వేయరు గనక ఆమెకు అలవాటే, ఊళ్ళోవాళ్ళకు మాత్రం నిద్ర లేదు. పక్షి గౌరవార్థం ఇంత చప్పుడు ఏందని అడిగితే, “చెరువు దూరంలే పెద్దాయనా, దానికి ఇనపడదు” అన్నాడు ఒక కుర్రాడు. మరి ఎవరికి వినపడాలని?

ఇక కెమెరాలు. పూర్వం తుపాకీ గొట్టం చూసి పక్షి లేచేది, ఇప్పుడు లెన్సు గొట్టం చూసి లేస్తుంది. ఎగిరే ఫొటో కావాలని రాయి విసిరినవాణ్ణి నేను కట్ట మీద నిలదీశాను. డ్రోను ఎగరేసినవాణ్ణి వాచరు పట్టుకున్నాడు. ఆ వాచరు గురించి ఒక్క మాట. ఎండలో వానలో కట్ట మీద తిరుగుతూ, జారిపడిన పిల్లను ఏరి, కుక్కను తరిమి, జనాన్ని బతిమిలాడే మనిషి. పండగ స్టేజీ మీద శాలువాలు చాలామందికి కప్పారు, అతన్ని ఆ రోజు పార్కింగు దగ్గర నిలబెట్టారు.

మా మనవడు చెన్నైలో సాఫ్ట్‌వేరు. వాడికీ పెద్ద లెన్సు ఉంది. సెలవుకు వస్తే కట్ట మీద కూర్చుని లెక్క రాస్తుంటాడు. “తాతా, గూడబాతు రెడ్ లిస్టులో ముప్పు అంచున ఉంది తెలుసా? ఒకప్పుడు ఇంకా పై మెట్టులో ఉండేది, ఇప్పుడు కాస్త నయం” అంటాడు. నయమైతే నేను ఎందుకు గొణుగుతున్నానని వాడి భావం. జనవరిలో జరిగే నీటిపక్షుల లెక్కకు కూడా పోతాడు, ఆసియా అంతటా 1987 నుంచి ఆ లెక్క జరుగుతోందట. మొదట్లో నాకు ఎగతాళి. చెరువులో పక్షిని లెక్కపెట్టడానికి చెన్నై నుంచి రావాలా అన్నాను. పోయిన సంక్రాంతికి వాడు మా ఊరి చెరువు మీదా, పక్క ఊరి గుంట మీదా, హైవే పక్క మడుగు మీదా మేస్తున్న పక్షుల జాబితా ఫోనులో చూపించాడు. ఏ పక్షి ఎక్కడ తింటోందో తేదీలతో సహా. నేను నోటితో గొణుగుతున్నదే వాడు పట్టికలో పెట్టాడు. మెచ్చుకోలేదు, మెచ్చుకుంటే నెత్తికెక్కుతారు. జిరాక్సు తీయించమన్నాను.

ఎందుకంటే మా ఊరి చెరువు సంగతి ఇది. నేలపట్టంత పెద్దది కాదు, దాని పేరు ఏ తీర్పులోనూ లేదు. దాన్లోకి వాన నీళ్ళు తెచ్చే కాలువ సర్కారు తుమ్మతో మూసుకుపోయింది, ఒక చోట లేఅవుటు వాళ్ళు మట్టి పోసి దారి వేశారు. మా నాయన రోజుల్లో ఏటా వానలకు ముందు ఇంటికొక మనిషి పార పట్టుకుని వచ్చి కాలువ బాగు చేసేవాళ్ళు, కుడి మరామత్తు అనేవాళ్ళు. ఇప్పుడు పార పట్టమంటే పంచాయతీని అడగమంటారు, పంచాయతీని అడిగితే ఇరిగేషన్ అంటారు, అక్కడ అడిగితే పక్షుల సంగతైతే ఫారెస్టు అంటారు, ఫారెస్టు వాళ్ళు ఆ చెరువు మా హద్దులో లేదంటారు. నలుగురూ నిజమే చెబుతారు. పక్షి మాత్రం ఏ శాఖనూ అడగకుండా వచ్చి మా చెరువులో పొద్దున్నే చేప పడుతుంది, నీళ్ళు ఉన్న ఏడు. నిరుడు నీళ్ళు సగానికే వచ్చాయి.

అందుకని అర్జీ రాశాను. కాలువలో సర్కారు తుమ్మ కొట్టించాలి, మట్టి దారి కింద పైపులు వేయించాలి, దీపావళి వానకు ముందే. వెనక మనవడి జాబితా జతచేశాను, మూడు పేజీలు. వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే రోజు, పొద్దున ఏడింటి బస్సుకు పోతున్నాను. సంతకాలు పదకొండు అయ్యాయి, అందులో ఒకటి రొయ్యల గుంట వాడిది. వాడి గుంటకూ ఆ కాలువ నీళ్ళే కావాలి. ఇంకెవరైనా వస్తానంటే రండి. బస్సు ఛార్జీ ఎవరిది వాళ్ళదే.